బొట్టు పెట్టిన రివాల్వర్

ఆ రివాల్వర్‌కి ఎవరో పూజ చేశారని జెరుషాకు ముందు ముక్కుతోనే తెలిసింది. తుపాకినూనె వాసన, పాత ఇనుము వాసన, ఆ రెండింటి అడుగున ఎక్కడో సన్నగా సాంబ్రాణి. తలెత్తి కిటికీలోంచి చూసింది. బయట నెకర్ నది లేదు. పొగమంచు మింగేసింది. ఎదురుగట్టు మీది ద్రాక్షతోటలు లేవు, రైలు వంతెన లేదు. ప్రపంచమంతా కుదించుకుపోయి ఈ బల్లంత అయినట్టూ, దీపం కింద ఈ ఇనపముక్క ఒక్కటే మిగిలినట్టూ ఉంది. ఇలాంటి పొద్దుల్లో ఆమెకు తానెక్కడున్నదీ సరిగ్గా పట్టుబడదు. పుట్టిన చీరాలా, లోహాల చదువు చదివిన కైసర్స్‌లౌటర్నా, పొట్టకూటికి వచ్చిన ఈ స్టుట్‌గార్ట్ పక్క ఊరా, అన్నీ ఒకే తడిగుడ్డలో చుట్టిపెట్టినట్టుంటాయి.

"ఏం కనిపిస్తోంది, ఫ్రావ్ దారా?" వెనకనుంచి ఓస్టర్‌టాగ్ గొంతు. ఆమెని ఎప్పుడూ ఇంటిపేరుతోనే పిలుస్తాడు.

ఓస్టర్‌టాగ్ పాత ఆయుధాల నిపుణుడు. కోర్టులకీ పోలీసులకీ ఆయన మాట చెల్లుతుంది. డెబ్బై దాటాయి. మోచేతుల దగ్గర చిరుగులు కుట్టుకున్న స్వెటర్, చేతిలో వెన్న పూసిన బ్రెట్సెల్ రొట్టె. జెరుషా ఆయన దగ్గర ఫొటోలు తీస్తుంది, వస్తువుని లెన్సు కింద పెట్టి కనిపించింది కనిపించినట్టు పైకి చెబుతుంది. ఆయన విని, తానూ చూసి, నివేదిక రాయిస్తాడు. ఆయనకో నియమం ఉంది. పెట్టె రాగానే యజమాని పేరు మీద నల్లటేపు అంటిస్తాడు. 'పేరు చూస్తే కన్ను వంకరపోతుంది' అంటాడు. ఎలాగైనా సరే పేరు తెలిసిపోయినవాళ్ళు బల్ల దగ్గరనుంచి లేవాలి. తనకైనా అంతే. ఒకసారి తన పాత స్నేహితుడి తుపాకి వస్తే తాకకుండా వేరే ఊరి నిపుణుడికి పంపేశాడు.

"సూది రివాల్వర్," అంది జెరుషా. "సూది లేదు. ఎప్పుడో పోయింది. సిలిండర్ వెనక చిల్లులకి ఉంగరాలున్నాయి."

"ఉంగరాలా?"

రొట్టె పక్కన పెట్టి వచ్చాడు.

ఇత్తడి తూటాలు రాని రోజుల్లో కాగితపు తూటాలుండేవి. ట్రిగ్గర్ నొక్కితే వెనకనుంచి పొడుగాటి సూది దూసుకొచ్చి, కాగితాన్ని పొడిచి, లోపలి మందుని రేపేది. సిలిండర్ వెనక ఒక్కో గదికి ఒక్కో సన్న చిల్లు ఆ సూది కోసమే. ఈ పాత సూదిరకాన్ని చట్టం పట్టించుకోదు. గోడకి తగిలించుకో, బీరువాలో పెట్టుకో, అడిగేవాడు లేడు. కానీ ఆ తర్వాత కొందరు చిల్లులు తొలిచి, వాటిని ఇత్తడి తూటాలకి పనికొచ్చేట్టు మార్చుకున్నారు. అలా మార్చింది పర్మిట్ లేకుండా ఇంట్లో దొరికితే కేసే. పక్కపక్కన పెడితే రెండూ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. ఒకటి గోడకి, ఒకటి జైలుకి. తేడా అంతా కందిగింజ పట్టని చిల్లులో ఉంది.

ఈ చిల్లులేమో మామూలు చిల్లులు కావు. ప్రతిదాని చుట్టూ ఒక ఉక్కు ఉంగరం బిగించి ఉంది. జెరుషా ఇలాంటిది చూళ్ళేదు. ఓస్టర్‌టాగ్ చూళ్ళేదు. గోడనిండా ఉన్న ఆయన పుస్తకాలు కూడా చూసినట్టు లేవు.

ఆయన చాలాసేపు లెన్సులోకి వంగి ఉండిపోయాడు. లేచి నడుం పట్టుకుని, "తొలిచారు," అన్నాడు. "తూటాల కోసం పెద్దగా తొలిచారు. తర్వాత ఎవడో మళ్ళీ పాతదని అమ్ముకోవడానికి ఉంగరాలు దిగ్గొట్టి పూడ్చాడు. ఆ ఎరుపు చూశారా చిల్లుల్లో? తూటా అడుగున తేమ దిగకుండా ఎర్రలక్క పూస్తారు. పేల్చినప్పుడు అది ఇలాగే అంటుకుంటుంది. అంటే మార్చారు, కాల్చారు కూడా."

జెరుషా మళ్ళీ వంగింది. ఎరుపు. అంచున పసుపుపచ్చ. ప్రతి చిల్లులోనూ శ్రద్ధగా, అద్దినట్టు. ఇది లక్క అయితే తన పేరు జెరుషా కాదు. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఆగింది. ఇనపముక్కకి బొట్టు ఎందుకు పెడతారో ఈ ముసలాయనకి ఎక్కడనుంచి మొదలుపెట్టి చెప్పాలి? తన ఇంట్లో పెట్టరు. తన వీధి చివర లారీ షెడ్డులో దసరాకి పెట్టేవాళ్ళు, స్టీరింగుకీ టైర్లకీ రెంచీలకీ. ఆ రోజు షెడ్డువాళ్ళు పంచిన మరమరాల రుచి నాలిక మీదికి వచ్చి పోయింది.

"లక్క కాదేమో," అంది.

"మరేంటి?"

"రేపు చెబుతాను. ఇంకా ఫొటోలు తీయాలి."

ఆయన భుజాలెగరేసి కోటు తొడుక్కుని వెళ్ళాడు. ఆమె దీపాన్ని వంచి, సిలిండర్‌ని వేలితో మెల్లగా తిప్పుతూ కూర్చుంది. ఉక్కుని కాల్చి తెచ్చిన పాతరంగు. ముందు ఎండుగడ్డి రంగు, దానిలోంచి వంకాయరంగు, దానిలోంచి నీలం. తిప్పుతుంటే ఆ నీలం నిదానంగా ఒంటిమీంచి జారే చీరలా కదిలింది. ఎవడో కొలిమి ముందు నిలబడి, రంగు ఎక్కుతుండగా ఊపిరి బిగబట్టి, సరిగ్గా ఆ క్షణాన బయటికి తీశాడు. వాడు ఏ భాషలో తిట్టుకున్నాడో, మధ్యాన్నం ఏం తిన్నాడో. ఎరుపు అంటని చోట ఒక ఉంగరం అంచు చిన్నగా కనిపించింది. నీలం సిలిండర్ మీంచి వచ్చి, ఉంగరం మీదుగా, ఎక్కడా ఆగకుండా అవతలికి పోయింది. మధ్యలో గీత లేదు.

తర్వాత దిగ్గొట్టిన ఉంగరమైతే రంగు అక్కడ తెగాలి.

జెరుషా ఊపిరి బిగబట్టింది. మిగతాదంతా కుంకుమ కింద ఉంది.

*

మర్నాడు ఉదయం ఎస్-బాన్‌లో సుభద్ర తన మూలసీట్లోనే ఉంది. వాళ్ళది రైలు స్నేహం. సుభద్రది జగిత్యాల. స్టుట్‌గార్ట్ ఆస్పత్రిలో రాత్రిడ్యూటీ దిగి ఇంటికెళ్తుంటుంది. జెరుషా పనికెళ్తుంటుంది. ఇద్దరూ ఒకే వైపు. మామూలుగా సుభద్ర కిటికీకి తలవాల్చి నిద్రపోతుంది, ఆమె సంచి జారకుండా జెరుషా పట్టుకుంటుంది. స్నేహమంటే అంతే. ఈ దేశంలో అదేం తక్కువ కాదు.

ఇవాళ నిద్రపోలేదు. అద్దంలో మంచుని చూస్తోంది.

"ఏందక్కా, కునుకు తీయలేదా?"

"కునుకా? మస్తు రోజులాయె పిల్లా, నిద్ర మొకం చూడక."

"డ్యూటీ ఎక్కువయ్యిందా?"

"డ్యూటీ మంచిగనే ఉంది. ఇంట్ల పిస్తోల్ దొరికింది."

జెరుషాకు నవ్వొచ్చింది. సుభద్ర మొహం చూసి ఆ నవ్వు మధ్యలోనే పడిపోయింది.

"దసరనాడు ఆయుధపూజ చేసినం. ఈడ మనకేం ఆయుధాలున్నయ్ చెప్పు. కూరగాయల కత్తి, కారు తాళాలు, ఆయిన లాప్‌టాప్, నా స్టెతస్కోపు. మా ఆయినకు కడుపు నిండలే. ఫ్లోమార్క్ట్, గదే పాతసామాన్ల సంతకు పొయ్యి ఒక పాత పిస్తోల్ కొనుక్కొచ్చిండు. అమ్మినోడు డెకో అన్నడట. ఉత్తగ ఇంట్ల పెట్టుకునేదని. పీట మీద పెట్టినం. పసుపు రాసినం. మా అమ్మ సున్నమేసి ఇంట్లనే చేసిన కుంకుమ పంపింది. ఆ కుంకుమ అగ్గిపుల్లతోని నేనే పెట్టిన, ఒక్కొక్క తొర్రకు ఒక్కొక్క బొట్టు. 'ఒక్కటి కూడ ఇడువకు' అన్నడు, పక్కపొంటి నిలబడి."

నిన్న లెన్సు కింద చూసిన ఎరుపు అదే. రైలు వంతెనెక్కింది. కింద నది ఉన్నట్టు చప్పుడుబట్టే తెలుస్తోంది.

"ఫొటో దీసి స్టేటస్ పెట్టిండు, ఆఫీసోళ్ళందరు చూసేటట్టు. వాళ్ళల్ల ఎవలికి భయమైందో. పోలీసులొచ్చిండ్రు."

"అయ్యో."

"ఇను ఇంకా. ఎవలిదని అడిగిండ్రు. ఈయన నా దిక్కు చూసిండు. నేనేమో ఇంటికొచ్చినోళ్ళు గదా, చాయ్ పెడుదునా అని చూస్తున్న. 'మై వైఫ్‌ది' అన్నడు."

"ఎవరూ?"

"మా ఆయినే. కమలాకర్. ఇంగ్లీషుల మంచిగ, సాఫ్‌గ చెప్పిండు. నాకు తెలుగులనన్న చెప్పలే."

"నువ్వేమన్నావు?"

"ఏమంట? వాళ్ళ ముంగట మొగణ్ణి అబద్ధాలకోరంటనా? ఊకున్న. నా పాస్‌పోర్టు చూసి నా పేరు రాసుకున్నరు." సుభద్ర వేళ్ళతో అద్దం మీద ఏదో గీసి, అరచేత్తో తుడిచేసింది. "వాళ్ళు పోయినంక సమజ్ చేసిండు. ఆయినకు సిటిజన్‌షిప్ టెర్మిన్, గదే ఆఫీసోళ్ళు రమ్మన్న తారీకు, దగ్గర పడ్డదట. ఒక్క కేసున్నా పోతదట. 'నీకేమైతది, నువ్వు అప్లై చెయ్యలేదు గదా' అన్నడు."

"మరి నీ అనెర్కెన్నుంగ్?"

సుభద్ర నర్సు చదువు ఊళ్ళో చదివింది. దాన్ని ఈ దేశం ఒప్పుకుంటున్నట్టు కాగితం రావాలి. ఆ కాగితం వచ్చేదాకా ఆమె నర్సు కాదు, సాయగత్తె. పరీక్షలన్నీ అయిపోయాయి. పోలీసు రికార్డు శుభ్రంగా ఉందన్న పత్రం ఒక్కటే మిగిలింది. కేసు పడితే పత్రం లేదు, పత్రం లేకపోతే పని లేదు, పని లేకపోతే వీసా లేదు.

"ఆ ముచ్చట ఆయినకు యాదికే లేదు," అంది సుభద్ర. కోపంగా అనలేదు. వర్షం వచ్చేట్టుంది అన్నట్టు అంది. "అది ఎసొంటిదో చూసి చెప్పనీకె ఎవలో ఉంటరట. ఉత్త పాతదంటే కేసు లేదు. మార్చిందంటే కేసు. ఎవలో ఏమో, గా మనిషి చేతుల ఉన్న."

జెరుషా స్టాపు వచ్చింది. సుభద్ర సంచిని ఆమె ఒళ్ళో పెట్టి దిగింది. తలుపులు మూసుకున్నాయి. రైలు మంచులోకి కరిగిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఒక్కతే నిలబడి, ఒక ఆలోచనని అటూ ఇటూ తిప్పి చూసింది: పేరు తెలిసిందని చెప్పకపోతే ఏం? ఎవరు చూడొచ్చారు? బల్ల దగ్గరే ఉండొచ్చు. ముసలాయన చేత సరిగ్గా రాయించొచ్చు.

రేపెప్పుడో అది బయటపడితే ఆ నివేదిక చిత్తుకాగితం. దానితోపాటు సుభద్ర కూడా.

*

కోటు విప్పకుండానే ఓస్టర్‌టాగ్ ముందుకెళ్ళి నిలబడింది.

"నాకు పేరు తెలిసింది."

ఆయన బ్రెట్సెల్ నమలడం ఆపాడు. "ఎలా?"

"రైల్లో. రోజూ నా పక్కసీట్లో కూర్చునే మనిషిది."

"అయితే లేవండి."

"ఇంకా కూర్చోలేదు."

ఆయనకి నవ్వు రాలేదు. నివేదిక చిత్తుప్రతిని ముందుకి లాక్కుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "నిన్న మీరు చెప్పిందంతా కొట్టేయాలి."

"నిన్న నాకు పేరు తెలీదు."

"'లక్క కాదేమో' అన్నారు. ఎందుకన్నారు? మీ దేశంవాళ్ళదని మీకు అప్పటికే అనుమానం. అవునా?"

"అవును."

"చూశారా మరి. పేరు ఒక్కటే కాదు, అలాంటివి కూడా కన్నుని వంచుతాయి."

ఈ మాట ఈయన నోట వస్తుందని రైలు దిగిన దగ్గర్నుంచీ జెరుషాకు తెలుసు. తెలిసినా మండింది.

"హెర్ ఓస్టర్‌టాగ్, ఈ బల్ల మీదికి రోజూ మీ దేశంవాళ్ళ తుపాకులే వస్తాయి. మీరు ఒక్కనాడూ లేవలేదే?"

ఆయన కళ్ళద్దాలు తీసి, స్వెటర్ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"నియమం నియమమే," అన్నాడు చివరికి. "మీరు ఇంటికెళ్ళండి. నేను పిలిచేదాకా రావద్దు."

"వెళ్తాను. ఏమీ చెప్పను కూడా. రెండు సంగతులు అడిగి వెళ్తాను. జవాబు మీరే చూసుకోండి." సంచిలోంచి చేతొడుగులు తీసి బల్లమీద పెట్టింది, ఉద్యోగం అప్పగిస్తున్నట్టు. "చిల్లులోంచి ఆ ఎరుపు కొంచెం సూదిమొనతో గాజుపలక మీదికి తీయండి. దాని మీద ఒక చుక్క వెనిగర్ వేయండి. ఇనుము మీద వద్దు, గాజు మీదే. లక్క అయితే ఎర్రగానే ఉంటుంది. ఇది ఎలా ఉంటుంది? ఒకటి. తర్వాత చిల్లులన్నీ తుడిచి దీపం పక్కకి వంచండి. నీలం ఎక్కడ ఆగుతుంది? రెండు."

"ఇది చెప్పడం కాదా?"

"కాదు. అడగడం."

బయటికొచ్చి నది గట్టున నడిచింది. నడుస్తున్నంతసేపూ నది కనపడలేదు. పెద్ద పడవ ఏదో చాలా దగ్గరగా, ఇంజను చప్పుడు మాత్రమే అయి, దాటిపోయింది.

*

ఆ తర్వాతి రోజులు రోజుల్లా లేవు. స్టుట్‌గార్ట్‌లో తన గదిలో మంచం మీద పడుకుని జెరుషా పగటినిద్రలు పోయింది. కళ్ళు మూస్తే సిలిండర్ తిరిగేది. గడ్డిరంగు, వంకాయరంగు, నీలం. చిల్లుల్లోంచి ఎవరో అవతలివైపు నుంచి చూస్తున్నట్టుండేది. కొలిమి ముందు నిలబడ్డవాడు ఇటు తిరిగేవాడు, మొహం ఉండేది కాదు. పొద్దున్నే మాత్రం పని లేకపోయినా స్టేషన్‌కి పోయి అదే రైలెక్కేది. సుభద్ర ఒకనాడు పక్కకి జరిగి చోటిచ్చింది. ఇంకొకనాడు నిద్రపోయింది. జెరుషా ఆమె సంచి పట్టుకుని, తన స్టాపులో దిగి, ఎదురు ప్లాట్‌ఫారం మీద రైలెక్కి వెనక్కి వచ్చేసేది. ఓస్టర్‌టాగ్ సంగతి ఆమెకి చెప్పలేదు. చెప్పకూడదు.

ఒక మధ్యాన్నం తెలియని నంబర్ నుంచి ఫోనొచ్చింది.

"నమస్తే చెల్లె. నేను కమలాకర్, సుభద్ర హస్బెండ్‌ని. మీరు ఆ ఎక్స్‌పర్ట్ దగ్గర చేస్తరట గదా? పోలీసు కాయిదంల ఆయిన పేరుంటే వెబ్‌సైట్‌ల చూసిన, మీ పేరు, ఫొటో ఉన్నయ్. సుభద్ర ఫోన్‌ల మీ నంబర్ దొరికింది."

"చెప్పండన్నా."

"ఏం లేదు, చిన్న హెల్ప్. మీరు మన తెలుగోళ్ళు. ఆయినకు ఒక్క మాట చెప్తే అయిపోతది గదా."

"నేను చెప్తే చెడిపోద్దన్నా. నన్ను ఆ పనిలోంచి పక్కన పెట్టారు, అక్క నాకు తెలుసని."

"అయ్యో. అట్లనా." కీబోర్డు టకటకలు వినిపించాయి. ఆఫీసులోనే ఉన్నాడు. "అయితే ఇంకోటి అడుగుత, ఏమనుకోకు. ఒకవేళ నెగటివ్ రిపోర్ట్ వచ్చిందనుకో. అది ఓన్లీ సుభద్ర పేరు మీదనే ఉంటది గదా? ఒక్క ఇంట్ల ఉంటం అని నాకేం రాదు గదా?"

జెరుషా మంచం మీద లేచి కూర్చుంది.

"అన్నా, దాన్ని కొన్నదెవరు?"

"అది... అట్లేం లేదు చెల్లె. ఆలుమొగలంటే ఒక్కటే గదా."

"ఒక్కటే అయితే మీ పేరే రాయించి ఉండాల్సింది."

"నీకు పెండ్లి కాలేదు. నీకు తెల్వది," అన్నాడు కమలాకర్, నొచ్చుకున్న గొంతుతో. ఫోను పెట్టేశాడు.

నిజంగానే నొచ్చుకున్నాడు. వీళ్ళతో వచ్చే చిక్కే అది. పక్కమనిషి నెత్తిన కాలుపెట్టి గట్టెక్కేటప్పుడు కూడా పాదం నొప్పెట్టిందని వాళ్ళే ఏడుస్తారు.

*

ఓస్టర్‌టాగ్ పిలిచిన ఉదయం కూడా మంచే. జెరుషా లోపలికి అడుగుపెట్టేసరికి ఆయన గాజుపలకని దీపానికి ఎదురుగా పట్టుకుని ఉన్నాడు.

"పచ్చబడింది," అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. "పసుపుపచ్చ! ఎర్రటిది ఒక్క చుక్కకి పసుపుపచ్చ అయింది. నా భార్య వంటింట్లోంచి సబ్బునీళ్ళు తెచ్చి వేస్తే మళ్ళీ ఎర్రబడింది. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి అనుకుంది. ఏమిటది?"

"ఇప్పుడు చెప్పొచ్చా?"

"నివేదిక పంపేశాను. పోలీసులు ఒప్పుకుని, కేసు లేదని వస్తువు తిరిగిచ్చేయమన్నారు. చెప్పండి."

"పసుపులో సున్నం కలిపితే కుంకుమ. పులుపు తగిలితే మళ్ళీ పసుపే. మా ఊళ్ళో పసుపు మరకకి సబ్బు పెట్టి ఎర్రచేసి తిట్లు తినని పిల్ల ఉండదు."

ఆయన విన్నాడో లేదో. ఆమె మోచేయి పట్టుకుని లెన్సు దగ్గరికి లాక్కెళ్ళాడు. చిల్లులన్నీ తుడిచి ఉన్నాయి. దీపం పక్కకి వంచి ఉంది. నీలం ఆగలేదు. ప్రతి ఉంగరం మీదుగా, నిద్రలో నడిచే మనిషిలా, గీత తెలియకుండా దాటిపోయింది. ఒక్కో ఉంగరం మీదా ఒక సన్నని ఉలిగాటు, దానికి ఎదురుగా సిలిండర్ మీద ఇంకో గాటు. ఏ ఉంగరం ఏ చిల్లుదో చేసినవాడు గుర్తు పెట్టుకున్నాడు. ఆ గాట్లు కూడా నీలం కిందే.

"ముందు బిగించాడు, తర్వాత రంగు కాల్చాడు," అన్నాడు ఓస్టర్‌టాగ్. "మందు పేలినప్పుడు ఆ వేడి గాలి వెనక్కి తన్ని చిల్లుల్ని తినేస్తుంది. అరిగిపోతే మార్చుకునేట్టు ఉంగరాలు వేశాడు. ఎవరూ తొలవలేదు, ఎవరూ పూడ్చలేదు. చేసినవాడే ఇలా చేశాడు. ఇంతవరకూ నేను వినలేదు, కనలేదు. ఇలాంటిది ఇంకొకటి ఉందో లేదో."

కాసేపటికి కుర్చీలో కూలబడి, కిటికీవైపు చూస్తూ అన్నాడు: "మా దేశంవాళ్ళవి వచ్చినప్పుడల్లా నేను లేవాలంటే దుకాణం మూసుకోవాలి."

"మూసుకోమని నేననలేదు."

"తెలుసు. పేరు తెలిస్తే లేవాలి. దేశం తెలిస్తే అక్కర్లేదు. ఇకనుంచి అది నియమం." చేతొడుగుల జత ఆమెవైపు తోశాడు. క్షమాపణ అన్న మాట ఈయన నిఘంటువులో ఉంటే ఇదే అయ్యుండాలి.

కాస్త పొద్దెక్కాక సుభద్రా కమలాకర్ వచ్చారు. సుభద్ర డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. గుమ్మంలో జెరుషాని చూసి ఒక్క క్షణం ఆగింది. రైల్లో ఈ పిల్ల నోరెందుకు కట్టేసుకుందో ఆమెకి అర్థమైనట్టే ఉంది. దగ్గరికొచ్చి చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది. కమలాకర్ ఇస్త్రీ కోటులో ఉన్నాడు. అప్పటికే ఓస్టర్‌టాగ్‌తో చెయ్యి కలిపి, ఇంగ్లీషులో ఊపందుకున్నాడు. చాలా అరుదైనదట గదా, మ్యూజియంవాళ్ళు తీసుకుంటారా, పత్రికలో రాస్తారా, రాస్తే పేరు వేస్తారా.

"చూసినప్పుడే అనిపించింది సర్, ఇది మామూలుది కాదని," అన్నాడు. "అంత పెద్ద సంతల చూసి చూసి దీన్నే పట్టుకున్న."

ఓస్టర్‌టాగ్ తలూపుతూ విని, పెట్టె మీది నల్లటేపుని గోటితో మెల్లగా పీకాడు. కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. "ఇక్కడ యజమాని ఫ్రావ్ సుభద్ర అని ఉంది."

"అది జస్ట్ ఫార్మాలిటీ సర్. యాక్చువల్‌గా కొన్నది నేను. ఇట్ ఈజ్ మైన్."

ఓస్టర్‌టాగ్ ఆయన్ని చూడలేదు. సుభద్రవైపు తిరిగాడు. నిదానంగా, ఒక్కో మాటా విడదీసి, జర్మన్‌లో అడిగాడు: "ఇది మీదేనా?"

సుభద్ర రివాల్వర్‌ని చూసింది. తుడిచిన తర్వాత దాన్ని చూడ్డం ఇదే మొదలు. వేలు చాపి, ముట్టుకోకుండా, నీలం మీదుగా గాలిలో గీత గీసినట్టు తిప్పింది.

"అవును," అంది జర్మన్‌లోనే. "నాది."

"ఏంది సుభద్రా?" కమలాకర్ నవ్వబోయాడు. "మజాకా?"

"నువ్వే చెప్పినవ్ గదా."

"అది అప్పటి సంగతి!"

"అప్పుడు రాసుకున్నరు గదా. పాస్‌పోర్టు చూసి మరీ రాసుకున్నరు." సుభద్ర గొంతు పెంచలేదు. వార్డులో రోగికి మందు సంగతి చెప్పే గొంతు. "ఇప్పుడు నీదంటే, పోలీసులకు అబద్ధం చెప్పినవని అది సుత రాస్తరు. నీకు టెర్మిన్ ఉంది. పైలం."

కమలాకర్ జెరుషావైపు చూశాడు. జెరుషా బల్ల మీద లేని దుమ్ము తుడుస్తోంది. ఓస్టర్‌టాగ్‌వైపు చూశాడు. తెలుగు రాని ముసలాయన సంతకం చేయాల్సిన చోట వేలుపెట్టి, కలాన్ని సుభద్రకి అందించాడు. ఆమె సంతకం చేసింది. జర్మన్లకి నోరు తిరగని తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తొందరపడకుండా రాసింది.

స్టేషన్‌దాకా జెరుషా తోడు వెళ్ళింది. మంచు పల్చబడి, నది అవతల ద్రాక్షతోటల వరసలు ఒకటొకటిగా తేలుతున్నాయి, ఆకులన్నీ పండి. తాళం వేసిన పెట్టెని సుభద్ర రెండు చేతులా పొట్టకి ఆనించి పట్టుకుంది.

"కనీసం పట్టుకుంట ఇయ్యి," అన్నాడు కమలాకర్ వెనకనుంచి. "బరువుంటది."

"రాత్రంత ముసలోళ్ళను లేపి కూసోబెట్టి వచ్చిన. ఇదేం బరువు?"

"ఇంటికి పొయ్యి మాట్లాడుకుందాం."

"మాట్లాడుకుందాం తియ్యి."

రైలొచ్చింది. సుభద్ర ఎక్కి, తలుపు పక్క సీట్లో కూర్చుని, పెట్టెని ఒళ్ళో పెట్టుకుంది. పక్కన సంచి పెట్టింది. కమలాకర్ ఆ సంచిని చూసి, తీయమని అడగలేక, పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ప్లాట్‌ఫారం మీదనుంచి జెరుషా అడిగింది: "దాన్నేం చేస్తావక్కా?"

సుభద్ర అప్పటికే తలని అద్దానికి వాల్చేసింది. కళ్ళు సగం మూతపడ్డాయి.

"తెల్వదు పిల్లా. మస్తు నిద్రొస్తుంది. లేచినంక ఆలోచిస్త."